కోసి చూడని కాయ

పురుగుమందుల కొట్టులో ఇరవై ఆరేళ్లుగా కూర్చున్నాను. ఆకు చూసి ఏ పురుగో చెప్పడానికి నాకు అర నిమిషం చాలు. రాజపాళయం చుట్టుపక్కల ఊళ్లవాళ్లు దానికోసమే వస్తారు.

సత్రపట్టి బొమ్మయ్య మామ తువ్వాలులో నాలుగు పత్తి ఆకులు మూటగట్టి తెచ్చినాడు. రెండెకరాలు గుత్తకు చేస్తున్నాడు. పోయిన కాపు దెబ్బతినింది. ఈసారీ పోతే చేను ఇంకొకరికి ఇచ్చేస్తానని భూమి ఓనరు రవిచంద్రన్ ముందే చెప్పినాడు.

"అంచులు ముడుచుకున్నాయి చూడు అల్లుడా."

"పచ్చదోమ మామా. ఆకు అడుగున అడ్డంగా నడుస్తుంది చూడు."

"పూలు కూడా కొన్ని విప్పుకోలే."

"ఎండకు అట్లనే ఉంటాయి."

"నీకంతా ఎండే. నా బట్టతల కూడా ఎండకేనా?"

నవ్వి, దోమ మందు ఇచ్చి పంపినాను.

పువ్వు విప్పుకోలేదంటే లోపల గులాబి పురుగు ఉండొచ్చని నాకు తెలుసు. ఒక కాయ కోసి తెమ్మని అడగాల్సింది. కానీ వాళ్ల ఇంట్లో తొలి పత్తి మారియమ్మకు పెట్టేదాకా పచ్చికాయ గిల్లరు. మా ఇంట్లోనూ అంతే. అడిగితే వాదన, వాదనకు అరగంట. కొట్టు ముందర ఇంకా ఆరుగురు నిలబడి ఉన్నారు. ఆరుగురి పక్కన ఒకరిని పెట్టి చూసి, ఆ ఒకరిని వదిలేసినాను.

మూడు వారాలకు మామతో అతని భార్య చిన్నమ్మాళ్ కూడా వచ్చింది. విచ్చిన నాలుగు కాయల పత్తి అమ్మవారికి పెట్టడం అయిపోయింది. సంచిలో కాయలు తెచ్చి బల్ల మీద కుమ్మరించింది.

"దోమ పోయిందప్పా. పత్తి ఎందుకు రాలే?"

చాకుతో కోసినాను. పైకి నున్నటి కాయ. లోపల గింజ తొలుస్తూ గులాబి రంగు పురుగు, దూదంతా పసుపు గార. పది కోసినాను. తొమ్మిదింట్లో ఉంది.

"దీనికేం మందు?" అని మామ అడిగినాడు.

"లోపలికి పోయినాక మందు తగలదు. చెట్లు పీకి కాల్చాల్సిందే."

"ముందే చూసుంటే?"

"అప్పుడు దారి ఉండింది."

చిన్నమ్మాళ్ తల పట్టుకుంది. "కాయ గిల్లకూడదని పట్టుబట్టింది నేనే."

తప్పు తన మీద వేసుకుంది. నేను దింపలేదు.

"సోమరితనం కాదు, పురుగు అని రవిచంద్రన్‌కు నువ్వొక మాట చెప్పు అల్లుడా. నువ్వు చెప్తే నమ్ముతాడు."

చెప్తే, మొదట ఆకు చూసింది ఎవరని ఆయన అడుగుతాడు. ఆ జవాబు సాయంత్రానికి నాలుగు ఊళ్లు తిరుగుతుంది.

"కొట్టు వదిలి రాలేను మామా" అన్నాను.

"ఇవే చూపిద్దాం పా" అని చిన్నమ్మాళ్ కోసిన కాయలన్నీ సంచిలోకి ఎత్తుకుంది.

రవిచంద్రన్ సంచి విప్పనివ్వలేదంట. చేను తళవాయిపురం అళగర్సామికి ఇచ్చేసినాడు. మామ ఇప్పుడు స్పిన్నింగ్ మిల్లులో ఎవరెవరి చేలవో దూది బేళ్లు మోస్తున్నాడు. షిఫ్టు విడిచి బస్సుకు పోతూ నా కొట్టు ముందర ఆగుతాడు.

"సాపాటయిందా అల్లుడా?"

అయిందంటాను. నువ్వు తిన్నావా అని నేను తిరిగి అడగను.