దాచుకున్న కుడిచెయ్యి

తడిమట్టి వాసన. గోనెపట్టా వాసన. కుడిభుజం మీద చెట్టు బరువు.

కడియం నర్సరీలో తెల్లవారితే సాల్మన్‌కి తెలిసే మొదటి సంగతులు అవే. వేళ్ళ చుట్టూ మట్టిగడ్డతో సహా గోనెలో కట్టిన మొక్కని ఇద్దరు మోసే చోట అతనొక్కడే మోసేవాడు. లారీ మీదున్నవాళ్ళు చేతులు చాచేలోపే బరువు పైకి వచ్చేసేది... కుడిచెయ్యి నెట్టిన నెట్టుకి.

ఇరవై రెండేళ్ళు. ఎనభై ఎనిమిది కిలోలు. నెమ్మదైన మనిషి.

ఆ కుడిచేతిని మొదట చూసింది చంద్రరావు మాస్టారు.

ఒకప్పుడు మిలిటరీలో బాక్సింగ్ ఆడినాయన. రాజమండ్రిలో, గోదావరి గట్టు మీద, రేకుల షెడ్డులో కుర్రాళ్ళకి నేర్పేవారు. ఇంటి ముందుకి మొక్కలు కొందామని కడియం వచ్చి, మొక్కల మాట మరిచిపోయి, సాల్మన్ భుజం మీద చెయ్యి వేశారు. చాలాసేపు తియ్యలేదు.

"నువ్వు మట్టి మొయ్యడానికి పుట్టలేదు నాన్నా."

నాన్నా అన్నారు.

తండ్రి లేని ఇంట్లో పెరిగినవాడికి ఆ పిలుపు ఎంత లోపలికి పోతుందో ఎవరు చెప్పగలరు!

మొదటి నెల. దూలానికి గోదావరి ఇసుక నింపిన సంచి వేలాడుతోంది. ఎడమకాలు ముందు, కుడి పిడికిలి వెనక — కుడిచేతి వాటం వాళ్ళందరూ నిలబడేట్టే నిలబడ్డాడు. కొట్టాడు. సంచి కుట్టు తెగింది. ఇసుక కారింది... కారుతూనే ఉంది.

రెండో నెల. మాస్టారి మేనల్లుడు కిరణ్‌తో రింగులోకి దింపారు. కిరణ్‌దీ అదే బరువు. మూడేళ్ళుగా జిల్లా తరఫున ఆ బరువుకి పోటీలకి వెళ్ళేది అతనొక్కడే. సాల్మన్ కుడిచెయ్యి ఒకే ఒక్కసారి వెళ్ళింది. కిరణ్ చతికిలబడ్డాడు. ఎందుకు కూర్చున్నాడో అతనికే తెలియలేదు.

పడమటి గాలికి రేకులు చప్పుడు చేశాయి.

మర్నాడు మాస్టారు కొత్త పాఠం మొదలుపెట్టారు.

"ఆ కుడిచెయ్యి దాచుకో నాన్నా. అది పెద్ద రింగుకి. ఇక నుంచి కుడికాలు ముందు పెట్టు, ఎడంచేత్తో ఆడు. అన్నం తినడం తప్ప అన్నీ ఎడంచేత్తోనే చెయ్యి. రెండు చేతులూ వచ్చినవాణ్ణి నేషనల్స్‌లో ఎవడాపుతాడు?"

ఎవడాపుతాడు... సాల్మన్ నమ్మాడు.

నమ్మినవాడు ఎంత చాకిరీ చేస్తాడో చూడాలి. ఏడాదిన్నర. ఎడంచేత్తో పార పట్టాడు. ఎడంచేత్తో తాళ్ళు బిగించాడు. ఎడంచేత్తో పళ్ళు తోముకున్నాడు. మట్టిగడ్డ ఎడమ భుజానికి మారింది. "ఏంట్రా సాల్మన్, కుడిచెయ్యి ఎవరికైనా అరువిచ్చేశావేంటి?" అని తోటి కూలి మరిడమ్మ నవ్వింది. అతనూ నవ్వాడు.

కుడిభుజం కొంచెం దించు. అర అడుగు వెనక్కి పో. ఎదుటివాడు మీదికి వచ్చాక — కిందనుంచి ఎడంచెయ్యి లేపు.

అదే. మళ్ళీ అదే. వానలో, ఎండలో, గోదావరి ఎర్రబడ్డప్పుడు, గోదావరి తేటపడ్డప్పుడు... రోజూ అదే, రోజూ కిరణ్ మీదే. మొదట్లో ఆ దెబ్బ కిరణ్‌కి తగిలేది. తర్వాత్తర్వాత తగలడం మానేసింది. దించిన భుజం చూసి తప్పుకోవడం కిరణ్‌కి వచ్చేసింది. సాల్మన్ దానికీ సంతోషించాడు, పిచ్చివాడు.

ఒక ఆదివారం చర్చిలో రొట్టె, ద్రాక్షారసం ఇస్తున్నారు. సాల్మన్ వరసలో మోకరించి చెయ్యి చాచాడు. పాస్టరుగారు రొట్టె పట్టుకుని అలాగే ఆగిపోయారు.

చాచింది ఎడంచెయ్యి.

ఆడవాళ్ళ వైపు గుసగుసలు. తల్లి సంపూర్ణమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎడంచేత్తో మంచినీళ్ళ గ్లాసు అందిస్తేనే తప్పు పట్టే ఊరు... దేవుడి రొట్టె ఎడంచేత్తో అడగడమా!

ఇంటికొచ్చాక ఆవిడ తిట్టలేదు. కొడుకు కుడిచెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"ఏం చేశావురా దీన్ని?"

"దాచానమ్మా. మాస్టారు దాచమన్నారు."

"ఎవరి కోసంరా?"

తన కోసమేననే సాల్మన్ అనుకున్నాడు.

తొంభై ఎనిమిది డిసెంబరు. విశాఖపట్నంలో రాష్ట్ర పోటీలు. ఒక్కో బరువులో జిల్లాకి ఒక్కడే. హెవీవెయిట్ టైటిల్‌కి నిజంగా పోటీ పడగల మనిషేనా తను, లేక బరువులు మోసే ఒళ్ళేనా — అది తేలాలని సాల్మన్ కోరిక. ఓడిపోయినా సరే, తేలితే చాలనుకున్నాడు. ఈ రెండేళ్ళలో దేవుణ్ణి అతనడిగింది అదొక్కటే.

ఉదయం బరువులు తూచడం మొదలైంది. పేర్లు చదివారు. తమ జిల్లా వంతు వచ్చింది. హెవీవెయిట్...

కిరణ్.

సాల్మన్ చొక్కా విప్పి నిలబడే ఉన్నాడు. వెనకవాడు జరగమన్నాడు. జరిగాడు.

మాస్టారు వచ్చి భుజం మీద చెయ్యి వేశారు. "వచ్చే ఏడు నీదే నాన్నా. ఈసారికి కిరణ్‌కి ప్రాక్టీసు ఇయ్యి."

సముద్రపు గాలి ఉప్పగా కొట్టింది. వచ్చే ఏడు... వచ్చే ఏడు... పోనీలే అనుకోవడానికి చూశాడు. మాస్టారిని అనుమానించడం అతనికి చేతకాదు. ఏదో కారణం ఉండే ఉంటుందని సర్దుకోబోయాడు.

అప్పుడు కనిపించాడు ఆ మనిషి. మైదానానికి అవతల, కిందటేటి ఛాంపియన్, వేరే జిల్లావాడు. పోటీకి ముందు ఒక్కడే ఒళ్ళు వేడి చేసుకుంటున్నాడు.

ఎడంచేతి వాటం.

కుడిభుజం కొంచెం దించాడు.

అర అడుగు వెనక్కి పోయాడు.

కిందనుంచి — ఎడంచెయ్యి లేచింది.

సాల్మన్ ఒకడుగు ముందుకి వేసి చూశాడు. అది తన ఆట. అణువణువూ తన ఆట. కాదు... కాదు. తను ఆడేదే అతని ఆట. ఏడాదిన్నరగా తను ఆ మనిషి వేషం కడుతున్నాడు, కిరణ్ ఆ మనిషిని ఓడించడం నేర్చుకోవడానికి. ఇక కుడిచెయ్యి... అది కిరణ్‌కి అడ్డం రాకుండా దాచమన్నారు.

మోసం అన్న మాట వెంటనే తోచలేదు. ముందు సిగ్గేసింది. పాస్టరుగారి ముందు చాచిన ఎడంచెయ్యి గుర్తొచ్చి ఒళ్ళంతా సిగ్గేసింది. ఆ తర్వాత కోపం వచ్చింది. నాన్నా అన్న పిలుపు మీద వచ్చింది.

"రా నాన్నా." మాస్టారు గ్లవ్స్ తెచ్చారు. "రెండు రౌండ్లు చాలు. మధ్యాహ్నం కిరణ్‌కి ఆ ఛాంపియన్‌తోనే పోటీ."

లేసులు మాస్టారే కట్టారు. ముడి బిగిసిందా లేదా అని ఎప్పటిలాగే లాగి చూశారు. సాల్మన్ రింగులోకి ఎక్కాడు. కిరణ్ చూపు అతని కుడిభుజం మీద ఉంది, అది దిగడం కోసం.

సాల్మన్ కాళ్ళు మార్చాడు.

ఎడమకాలు ముందుకి. కుడి పిడికిలి వెనక్కి.

కిరణ్ మొహం పాలిపోయింది. మాస్టారు రింగు తాడు పట్టుకున్నారు.

సాల్మన్ కుడిచెయ్యి విసిరాడు.

వెళ్ళింది... ఆలస్యంగా వెళ్ళింది. అడుగు ఒకచోట, నడుము ఒకచోట, పిడికిలి ఇంకోచోట. కిరణ్ తల పక్కకి తిప్పితే సరిపోయింది. మళ్ళీ విసిరాడు. మళ్ళీ ఆలస్యం. ఎవరిదో చెయ్యి తెచ్చి తగిలించినట్టుంది. మూడోసారి విసరబోతే, అతని ప్రమేయం లేకుండానే కుడికాలు ముందుకి వచ్చేసింది. కుడిభుజం కొంచెం దిగింది.

మాస్టారు తాడు వదిలేశారు. ఆయన గొంతులో కోపం లేదు. ప్రేమగానే అన్నారు, అదే ఘోరం.

"ఎడమేరా నాన్నా. నీది ఎడమే."

సాల్మన్ రింగు మధ్యలో ఆగిపోయాడు. కుడికాలు వెనక్కి తీశాడు. ఎడమకాలు ముందుకి వెయ్యబోయి, వెయ్యలేక... రెండు పాదాలూ పక్కపక్కన పెట్టుకుని నిలబడ్డాడు.