ముద్ర పడని స్టాంపు

ఇంకు ప్యాడ్ మీద ఒక దెబ్బ, స్టాంపు మీద ఒక దెబ్బ. పొద్దుటి నుంచీ అతని కుడిచేయి పడుతూ లేస్తూనే ఉంది. పోస్టాఫీసులో అందరూ అతన్ని ముద్రగారనే పిలుస్తారు. గోళ్ళలోకి దిగిన నలుపు ఏ సబ్బుకూ లొంగలేదు, భుజం సలపని రోజు లేదు.

స్టాంపు మీద ముద్ర కొట్టడాన్ని ఆఫీసులో క్యాన్సిల్ చేయడం అంటారు. మొదట్లో ఆ మాటంటే అతనికి ఒళ్ళు మంట. కుదిరిన అక్క పెళ్ళి అవతలివాళ్ళు క్యాన్సిల్ అని కబురు పెట్టిన రోజే, ఇంట్లో మొదటిసారి ఆ మాట విన్నాడు. అక్క మళ్ళీ పెళ్ళి ఊసెత్తనివ్వలేదు. ఇంగ్లీషు టీచరై, తమ్ముణ్ణి చదివించి, అతని ఒంటరితనానికి తోడుగా ఉండిపోయింది.

"లాటిన్‌లో కిటికీ జాలీకి ఉన్న పేరులోంచి పుట్టిందిరా ఈ మాట," అని ఒకసారి చెప్పింది. "రాసినదాన్ని కొట్టెయ్యాలంటే దానిమీద జాలీలాగా అడ్డగీతలు గీసేవాళ్ళట. ఫ్రెంచివాళ్ళ చేతులు మారి ఇంగ్లీషులోకొచ్చింది. చివరికి నా నెత్తినెక్కింది."

"మా ఆఫీసులో అలా కాదక్కా. క్యాన్సిల్ అయితే పనికిరాదని కాదు, ప్రయాణం కట్టిందని."

"అబ్బో! అయితే మీ అర్థమే బాగుంది."

ఆ మధ్య ఇంటికొచ్చిన ఒక కవరు మీద స్టాంపుకు ముద్రే పడలేదు. "ఏ మహానుభావుడి చెయ్యి జారిందో! ఇంత దూరం తిరిగినా దీన్ని పట్టించుకున్నవాడు లేడు. నాకు సరిజోడు," అంటూ అక్క దాన్ని నీళ్ళలో నానబెట్టి ఊడదీసి, మంచం పక్కనున్న అద్దం మూల అంటించుకుంది.

ఆ రోజు మధ్యాహ్నం ఆస్పత్రి నుంచి ఫోనొచ్చింది. అక్కకు చేయాల్సిన ఆపరేషన్ క్యాన్సిల్ చేశామనీ, ఆమె గుండె దానికి తట్టుకోలేదనీ, ఇంట్లోనే ప్రశాంతంగా ఉంచమనీ డాక్టరు చెప్పాడు. అతను తిరిగొచ్చి కొట్టిన ముద్ర బల్ల మీద పడింది.

సాయంత్రం దారిపొడవునా అబద్ధాలు కూడగట్టుకున్నాడు. అక్క మొహం చూడగానే ఒక్కటీ పెదవి దాటలేదు.

"ఏమన్నాడ్రా డాక్టరు?"

"క్యాన్సిల్ అన్నాడక్కా."

"ఆస్పత్రి అర్థంలోనా, మీ పోస్టాఫీసు అర్థంలోనా?"

"మా అర్థంలోనే."

"అయితే బెంగ లేదు. వెయ్యి మరి." చేయి చాపింది.

అతను పిడికిలి బిగించి, ఆ చేతి మీద మెల్లగా ఆనించాడు.

"గట్టిగా వెయ్యరా. మళ్ళీ చెయ్యి జారిందంటారు," అని నవ్వి కళ్ళు మూసుకుంది.

పాలు వెచ్చబెట్టి తెచ్చి పిలిచాడు. మళ్ళీ పిలిచాడు. గ్లాసు కింద పెట్టి, చల్లబడుతున్న ఆ చేతిని పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. చేతి వెనక, అతని వేళ్ళ నుంచి అంటిన నలుపు మరక సన్నగా కనిపించింది.

అద్దం మూల స్టాంపు, ఒక అంచు కాస్త పైకి లేచి, ముద్ర లేకుండా అలాగే ఉంది.