వాగులో కడిగిన డబ్బాలు

భీమక్క వాగులో దిగి చచ్చిన చేపలను ఒడ్డుకు తోస్తోంది. ఒడ్డు మీది పత్తి చేలో ఆమె భర్త గోపాలు మందు కొట్టే పంపు వీపున మోస్తూ సాళ్ల వెంట నడుస్తున్నాడు. ముక్కుకు గుడ్డ లేదు, కాళ్లకు చెప్పులు లేవు. ఖాళీ అయిన పురుగుమందు డబ్బాలను మేస్త్రీ ఆ వాగులోనే కడిగిస్తున్నాడు. ఎనభై ఆరులో, బూర్గంపాడు కూలీ సంఘం పని మీద ఆ కోయగూడేనికి పోయి, నేను కళ్లారా చూసింది ఇది.

నేను చూస్తుండగానే గోపాలు సాలు నడుమ కూలబడ్డాడు. నోటి వెంట నురగ. బండి కట్టి దవాఖానాకు తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయింది.

కోస్తా నుంచి వచ్చి, కోయల భూములను బినామీ పేర్లతో పట్టి, వాగు పొడుగునా పత్తి వేసిన ఆసామి వెంకటప్పయ్య. శవాన్ని చూడటానికి వచ్చి, "మందెక్కువై పడ్డాడు. ఎంత చెప్పినా తాగుడు మానడు" అన్నాడు. పోలీసులు అదే రాసుకుపోయారు. గోపాలు సారా ముట్టడని గూడెమంతటికీ తెలుసు.

అతన్ని మట్టి చేసి వచ్చాక గానీ మాకు తెలియలేదు, వాగు ఒడ్డున కప్పలు అరవడం లేదని. వానాకాలంలో అటువంటి నిశ్శబ్దం ముసలివాళ్లు కూడా ఎరగరు. భీమక్క గోపాలు చొక్కాను మూడుసార్లు ఉతికింది. మందు వాసన పోలేదు. దండెం మీద వేస్తే, గాలి తిరిగినప్పుడల్లా అతను గుమ్మంలోకి వచ్చి నిలబడినట్టుండేది. ఇసుకలో తోడుకునే చెలమ నీళ్లదీ అదే వాసన.

"ఈ నీళ్లు తాగుతాంటే ఆయననే తాగుతున్నట్టున్నది" అన్నది నాతో.

గూడెమంతా బొజ్జయ్య ఇంటి ముందు కూర్చున్నది. వాగు దేవరకు కోపమొచ్చింది, మేకపోతును కోస్తే శాంతిస్తుందని పెద్దమనిషి బొజ్జయ్య అన్నాడు. అధికారులకు అర్జీ పెడదామని నేను అన్నాను. వాదన సాగుతుంటే, ముసలి ఎర్రమ్మ లేచింది.

"దేవర చంపలే. డబ్బాలు కడిగింది నేను. ఈ చేతులతోని. కూలి ఇస్తాండని రెండేండ్లు కడిగిన."

తర్వాత ఒక్కొక్కరే చెప్పడం మొదలుపెట్టారు. మందు కలిపినవాళ్లు, కొట్టినవాళ్లు, మంచి డబ్బా అని ఇంటికి తెచ్చి పప్పులు పోసుకున్నవాళ్లు. చివరికి బొజ్జయ్య, తన ఇంట్లో ఉప్పు ఉన్నది ఆ డబ్బాలోనేనని తల దించుకుని చెప్పాడు. మేకపోతు మాట మళ్లీ రాలేదు. పంపు ఎవరూ ఎత్తకూడదు, డబ్బా వాగులో ముంచనివ్వకూడదు, గోపాలు చావు నిజం రాసేదాకా, గూడేనికి బావి తవ్వేదాకా కదలకూడదని తీర్మానించుకున్నారు.

వారం తిరిగేసరికి పత్తికాయలో పురుగు పడింది. వెంకటప్పయ్య తిరుమలాయపాలెం దిక్కు నుంచి లంబాడా కూలీలను ట్రాక్టర్‌లో దింపాడు. గూడెమంతా గట్టు మీద అడ్డం నిలబడింది. పంపు వీపున వేసుకున్న ద్వాలి అనే ఆమె ముందుకొచ్చింది.

"మీరు పని మానిండ్లు, మంచిదే. మా తండల వానల్లేవు. మేం ఏం తినాలె?"

భీమక్క ఆమెను చెలమ దగ్గరికి తీసుకుపోయి, దోసిట్లో నీళ్లు ఎత్తి ముఖం ముందు పట్టింది.

"మావోడు మందెక్కి సచ్చిండని రాసిండ్లు. అవ్, మందే. ఎవరి మందో నువ్వే చూడు."

ద్వాలి వాసన చూసి వెనక్కి జరిగింది. ఆ దోసిలి వైపు, తన వీపున ఉన్న పంపు వైపు చూసుకుంది. పట్టీలు విప్పి పంపును గట్టు మీద దించింది. ఆమె మొగుడు ధన్‌సింగ్ కాసేపు తటపటాయించాడు. అతనూ దించాక తక్కినవాళ్లు ఆగలేదు.

మధ్యాహ్నానికి పోలీసు జీపు వచ్చింది. భీమక్కను, బొజ్జయ్యను, నన్ను ఎక్కించారు. వెనుక గూడెం నడుస్తోంది, గూడెంతో కలిసి తండా కూలీలు. దారికి రెండు పక్కలా వేరే ఆసాముల చేలలో మందు కొడుతున్నవాళ్లు ఆగి చూశారు. ఒకడు పంపు దించి రోడ్డెక్కాడు. తర్వాత ఇద్దరు. తర్వాత లెక్క తెలియలేదు. మలుపులో జనం అడ్డం పడి జీపు ఆగిపోయింది.

కానిస్టేబుల్ బయటికి చూసి, గొంతు తగ్గించి అడిగాడు. "వీళ్లంత మీ వాళ్లేనా?"

"పొద్దటిదాక కాదు" అన్నది భీమక్క.