నలభై ఒక్క నిమిషాలు

రక్తనిధి సర్వరు కాలిపోయిన రోజున తొమ్మిదేళ్ల దాతల వివరాలు పోయాయి. ఎవరిది ఏ గ్రూపు రక్తమో, ఎవరికి ఫోను చేస్తే పరుగున వస్తారో, అన్నీ ఆ యంత్రంలోనే ఉండేవి. వారం తిరక్కుండా దాన్ని చూసుకునే అక్క ఉద్యోగం పోయింది. నాలుగో నెలలో అక్కే పోయింది. విచారణ నివేదికలో ఆమె పేరు పక్కన ఒకటే మాట మిగిలింది: నిర్లక్ష్యం.

చెల్లెలిదీ అదే విద్య. పెళ్లయి ఇంటిపేరు మారింది కనుక, ఖాళీ అయిన ఆ ఉద్యోగానికి ఆమె దరఖాస్తు పెట్టుకుంటే ఎవరికీ అనుమానం రాలేదు. అక్క కుర్చీలోనే కూర్చుంది. ఆ మాటను రాయించిన నోటితోనే తీయించాలి. ఆమె వచ్చింది అందుకే.

ఆ నోరు మేనేజరుది. శబ్దమంటే ఆయనకు పడదు. ఆఫీసంతా ఆయన్ని చాటున సైలెన్సర్ అంటారు.

"ఆయనింట్లో కుక్కరు కూడా విజిల్ వేయడానికి జంకుతుందమ్మా," అన్నాడు స్టోరు గుమాస్తా, మూల పడేసిన పాత సర్వరును ఆమెకు అప్పగిస్తూ. "దీన్ని తుక్కు కింద పంపేయమన్నాడు. నీకెందుకిది?"

"నేర్చుకోవడానికి, బాబాయ్."

"కాలిపోయినదాంట్లో ఏం నేర్చుకుంటావు?"

కాలింది డిస్కులే. సర్వరు బోర్డు మీద ఒక చిన్న చిప్ వేరుగా ఉంటుంది. వేడి ఎంతుందో, ఫ్యాన్లు తిరుగుతున్నాయో లేదో చూస్తూ తన చిట్టా తనే రాసుకుంటుంది. యంత్రాన్ని నడిపే కెర్నెల్ ఆ చిప్‌తో మాట్లాడాలంటే మధ్యలో డ్రైవర్ అనే చిన్న ప్రోగ్రాం ఎక్కించాలి. డ్రైవర్ ఉంటే, వేడి పెరగగానే గదిలో బజర్ మోగుతుంది. తీసేస్తే చిప్ చూస్తూనే ఉంటుంది, కాని దాని గోడు ఎవరికీ వినపడదు.

ఆ రోజు ఎవరో డ్రైవర్ తీసేశారు. చిట్టాలో టైము పది ఇరవై రెండు. అక్క సెలవు పెట్టి, సంతకం చేసి బయటపడింది పదిన్నరకి. విచారణకి అంతకన్నా అక్కర్లేకపోయింది. చిప్ గడియారం వెనక నడుస్తోందని అక్క మూడుసార్లు చెప్పింది. యంత్రానికి సీలు వేసి ఉంది, చూపించడానికి లేదు.

పాత సర్వరు మూత విప్పగానే లోపల అక్క చేతిరాత కనిపించింది. చిన్న తెల్ల చీటీ, గుండ్రటి అక్షరాలు: 'చిప్ గడియారం 41 ని. వెనక. సరిచేయాలి.' కింద తేదీ. సర్వరు కాలడానికి సరిగ్గా రెండు రోజుల ముందుది. చెల్లెలు ఆ చీటీని ముట్టుకోలేదు. మూత మళ్లీ బిగించింది.

కొత్త సర్వరు వచ్చింది. రెండో రోజే సైలెన్సర్ గుమ్మంలో నిలబడ్డాడు.

"ఆ బజర్ కూతేంటమ్మా? ఆ డ్రైవర్ ఎక్కకుండా ఫైల్లో రాసిపారెయ్."

సరే సార్ అని తీసేస్తే చాలు. ఎండలు ముదిరాక ఇదీ ఉడికిపోతుంది, ఈసారి ఆయన మెడకే చుట్టుకుంటుంది. ఆ ఆలోచన ఆమెకు ఎంత తియ్యగా ఉందంటే, వేళ్లు కీబోర్డు మీదే కాసేపు ఆగిపోయాయి. కాని అందులో ఉన్నది దాతల పేర్లు.

"పై ఆఫీసు నుంచి పెద్ద మేడం తనిఖీకి వస్తున్నారు కదా సార్. ఆవిడ చూశాక తీసేద్దాం," అంది.

విచారణకి పెద్దగా కూర్చున్నదీ ఆ మేడమే. గురువారం మధ్యాహ్నం వచ్చింది. చెల్లెలు కొత్త సర్వరు చూపించింది. పోల్చుకోవడానికని పాతదానికీ కరెంటు ఇచ్చి, కొత్త డిస్కు పెట్టి, డ్రైవర్ ఎక్కించి సిద్ధంగా ఉంచింది.

"దీని చిట్టా మీరే చదవండి సార్. అప్పుడు విచారణలోనూ మీరే చదివారట కదా."

సైలెన్సర్ దాన్ని పొగడ్త అనుకున్నాడు. కళ్లజోడు సర్దుకున్నాడు. "పది ఇరవై రెండు, డ్రైవర్ తొలగింపు. ఆవిడ ఇంకా గదిలోనే ఉంది మేడం."

"ఆ గడియారాన్ని నమ్మొచ్చా సార్?"

"మనుషులు అబద్ధమాడతారు గాని చిప్ ఆడదమ్మా."

"అయితే ఇప్పుడు టైమెంతో దాన్నే అడుగుదాం."

గోడ మీద మూడు పది. తెర మీద రెండు ఇరవై ఏడు.

మేడం రెండుసార్లు చూసింది. చెల్లెలు మూత విప్పి చీటీ చూపించింది. "అప్పటికి నలభై ఒకటి. ఇన్ని నెలల్లో ఇంకో రెండు నిమిషాలు వెనకబడింది. పది ఇరవై రెండుకి నలభై ఒకటి కలపండి సార్. పైకి చెప్పండి."

ఆయన పెదవులు కదిలాయి.

"వినపడలేదు సార్."

"పదకొండు... మూడు."

"ఆ టైముకి మా అక్క కంటాసుపత్రిలో మా అమ్మ పక్కన కూర్చునుంది. నేనూ ఉన్నాను. దాని ముందు కూర్చుంటే తప్ప ఈ సర్వరులో వేలు పెట్టలేం. ఈ గదికి రెండే తాళంచెవులు. రెండోది ఎవరి దగ్గర ఉండేది సార్?"

'మా అక్క' అన్న మాట దగ్గరే ఆయన ముఖం పాలిపోయింది. "నేను శబ్దం ఆపానంతే," అన్నాడు చివరికి. "నువ్వెవరో ముందే చెప్పుంటే..."

"చెప్పాల్సింది మా అక్క చెప్పింది. మూడుసార్లు."

ఆమె కొత్త సర్వరు గాలి దారికి అట్టముక్క అడ్డం పెట్టింది. రెండు నిమిషాల్లో బజర్ అందుకుంది. ఆయన చెవులు మూసుకోలేదు, ఆపమనీ అనలేదు. మేడం ఆయన తాళంచెవి అడిగి తీసుకునేదాకా ఆమె దాన్ని మోగనిచ్చింది.

సైలెన్సర్ మర్నాటి నుంచి రాలేదు. చెల్లెలికి నిద్ర పట్టింది, తృప్తిగానే పట్టింది. ఆ సంగతి దాచుకోవాలని ఆమెకు అనిపించలేదు.

నివేదిక దిద్దడానికి మేడంతో పాటు మరో ఇద్దరు సభ్యుల సంతకాలు కావాలి. ఒకరు పదవీ విరమణ చేశారు. రెండోవారు ఉత్తరానికి జవాబివ్వలేదు. అక్క పేరు పక్కన ఆ మాట ఇంకా అలాగే ఉంది.