బురదలో పడే ఏనుగు

అక్క బొమ్మలు గీస్తుంది, తమ్ముడు వాటిని కంప్యూటర్‌లో పరుగెత్తిస్తాడు. ఇద్దరూ కలిసి పిల్లలకి చదవడం నేర్పే ఆట ఒకటి తయారు చేశారు. లోకాన్ని ఉద్ధరిద్దామని మాత్రం కాదు. అక్క కూతురు, ఇంట్లో అందరూ పిడుగు అని పిలిచే పిల్ల, ఒకటో తరగతి గట్టెక్కాలి, అంతే.

పిడుగుకి నోరు లేక కాదు. పొద్దున లేచింది మొదలు వాగుతూనే ఉంటుంది. పుస్తకం తెరిచి "ఇదేంటో చదువమ్మా" అంటే మాత్రం, ఎక్కడ తప్పు పోతుందోనని పెదవులు బిగించేస్తుంది. ఇంకోసారి అడిగితే కళ్ళనిండా నీళ్ళు. "ఒక్క మాట చదవని పిల్లని పై తరగతికి ఎలా పంపనండీ? ఇంకో ఏడాది ఇక్కడే ఉంచుదాం" అని టీచరమ్మ తేల్చేసింది. స్నేహితులందరూ పైకి వెళ్ళిపోతే పిడుగు ఒక్కతే మిగిలిపోతుందని అక్క భయం. "మా ఆట ఒక్కసారి ఆడించి చూడండి, తరవాత మీ ఇష్టం" అని కాళ్ళావేళ్ళా పడింది.

ఆటలో ఒక చెరువు, చెరువులో మూడు రాళ్ళు, ఒక్కో రాయి మీద ఒక్కో మాట. పైన చేప బొమ్మ వస్తే 'చేప' అని రాసి ఉన్న రాయిని వేలితో తాకాలి. గట్టున ఉన్న ఏనుగు ఆ రాయి మీదికి దూకుతుంది. సరైన మాటైతే పచ్చ టిక్కు పడి, "శభాష్" అని ఓ గొంతు వినిపిస్తుంది. తప్పయితే రాయి మునిగిపోతుంది.

ఆ మునగడం దగ్గరే అక్క ప్రాణం పెట్టి పనిచేసింది. తప్పు చేసిన పిల్ల ఏడవకూడదని ఆవిడ పంతం. అందుకని ఏనుగు జారుతుంది, చెవులు టపటపలాడిస్తుంది, బొంగరంలా తిరిగి ధభేల్‌మని బురదలో చతికిలబడుతుంది, ఆపైన తుమ్ముతుంది. ఆ తుమ్ము వాళ్ళ నాన్నగారిది. ఆయన తుమ్మితే పక్కింటి పిల్లి మంచం కింద దూరుతుంది. తమ్ముడు మిరియాల పొడి పట్టుకుని ఆయన వెనకాలే తిరిగి, నానా తిట్లూ తిని మరీ దాన్ని రికార్డు చేశాడు. "శభాష్" మాత్రం తనే, జలుబుతో ఉన్నరోజున, ఏదో అయిందనిపించాడు.

తరగతి గదిలో తమ్ముడు వేలితో తాకే తెర ఉన్న కంప్యూటర్ని బల్లమీద పెట్టి, ఆట గోడమీద కూడా పెద్దగా కనిపించేలా చేశాడు. ముందుగా ఒక కుర్రాడు అన్నీ సరిగ్గా తాకాడు. శభాష్, శభాష్, శభాష్. పిల్లలు ఆవలించారు. తరవాతి పిల్ల పొరపాటున తప్పు రాయి తాకింది. ఏనుగు పడింది, తుమ్మింది. ఇంకేముంది, తరగతి తరగతంతా చాపల మీద పడి దొర్లింది. మూడో పేరు పిడుగుది.

పిడుగు మొదటి రాయి తాకింది. ధభేల్! రెండోది, మళ్ళీ ధభేల్! ఏనుగు లేచిందంటే పడడానికే లేచింది. పిల్లలు పొట్టలు పట్టుకున్నారు, పిడుగు ఎగిరి గంతులేసింది, టీచరమ్మ కూడా కొంగుతో కళ్ళొత్తుకుంటూ నవ్వింది. ఆట చివరికొచ్చేసరికి పిడుగు ఖాతాలో పచ్చ టిక్కు ఒక్కటీ లేదు. నవ్వనిది అక్క ఒక్కతే.

"ఆట చాలా బాగుందండీ, నవ్వలేక చచ్చాను. కానీ పిల్లకి ఒక్కటీ రాలేదు కదా" అంది టీచరమ్మ, కాస్త జాలిగానే.

అక్క తల వంచుకుని వైర్లు చుట్టడం మొదలుపెట్టింది. సగం చుట్టి ఆగిపోయింది.

"ఒక్కటీ రాలేదా?"

"మీరూ చూశారుగా."

"చదవడం రానిదైతే గుడ్డిగా నొక్కాలి కదండీ! గుడ్డిగా నొక్కితే మధ్యలో ఒక్కటైనా ఒప్పు తగలాలి. ఇన్నిసార్లు ఆడి ఒక్కటీ తగల్లేదంటే..." అక్క గొంతు కీచుమంది. "ఒరేయ్, ఇది చదువుకుని మరీ తప్పు నొక్కుతోందిరా!"

తమ్ముడు నోరు తెరిచాడు.

"నోరు తరవాత తెరుద్దువుగాని, ఆట తిప్పెయ్! ఒప్పయితేనే ఏనుగు పడాలి."

"మరి శభాషో?"

"తీసి అవతల పారెయ్. ఆ గొంతు వింటే నాకే జలుబు చేస్తోంది."

తమ్ముడు కీబోర్డు టకటకలాడించాడు. పిడుగు వచ్చి, ఎప్పటిలాగే తప్పు రాయి తాకింది. ఏనుగు గట్టు మీంచి కదల్లేదు.

"మామయ్యా, ఏనుగు పాడైపోయింది!"

"పాడవలేదే. ఇప్పుడు దానికి సరైన రాయి మీదే పడాలనిపిస్తోందట."

పిడుగు ఒక్క క్షణం గోడకేసి చూసింది. చేప, ధభేల్! గొడుగు, ధభేల్! తాళం, నెమలి, సబ్బు... తాతయ్య తుమ్ములతో కిటికీ అద్దాలు గలగలమన్నాయి. అక్క గాల్లో తేలిపోయింది.

టీచరమ్మ మాత్రం అంత తేలిగ్గా లొంగే మనిషి కాదు. "ఆటలో సరేనండీ, బోర్డు మీదవి చదవాలి కదా" అని సుద్దముక్క తీసుకుని మూడు మాటలు రాసింది.

పిడుగు పెదవులు బిగుసుకున్నాయి. అక్క తమ్ముడి మోచెయ్యి పట్టుకుని నలిపేస్తోంది. పిడుగు బోర్డుని చూసి, ఆ తరవాత భారీ మనిషైన టీచరమ్మని కిందినుంచి పైదాకా చూసింది.

"తప్పు చదివితే మీరు పడతారా టీచర్?"

టీచరమ్మ కంగారుపడింది. గోడమీది ఏనుగుని ఓసారి చూసింది. "తప్పు చదివితే పడను. అన్నీ సరిగ్గా చదివితే పడతాను" అంది.

"పలక, కిటికీ, నిచ్చెన!" పిడుగు ఒక్క గుక్కలో చదివేసింది.

టీచరమ్మ గుమ్మం వైపు ఓసారి చూసుకుంది. హెడ్మాస్టరు జాడ లేదు. కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టింది, చేతులు టపటపలాడించింది, గుండ్రంగా తిరిగి ధభేల్‌మని చాపమీద చతికిలబడింది. తుమ్ము అంత బాగా కుదరలేదు గానీ, మొదటిసారికి పరవాలేదు. తరగతి కేకలకి పక్క గదిలో పాఠం ఆగిపోయింది. అక్క నవ్వుతూనే ఏడ్చేసింది. ఇంత సంతోషం ఆవిడ ఈమధ్య ఎరగదు.

"పై తరగతికే, పై తరగతికే" అంటోంది టీచరమ్మ కిందనుంచే, రొప్పుతూ.

ఆ మాట పిడుగు చెవికెక్కితేగా! రెండు చేతులతో టీచరమ్మని పట్టి లాగుతూ, "లేవండి టీచర్, లేవండి! ఈసారి ఇంకా పెద్ద మాటలు రాయండి!" అంటోంది.