రెండు సైజుల జత

జత విడదీసి అమ్మకూడదన్నది మా చెప్పుల షాపులో నేను పెట్టుకున్న నియమం. ఒంటి చెప్పు మిగిలిందంటే అది సరుకు కాదు, చోటు తినే చెత్త. అందుకే ఆ పిల్ల ఎడమకాలికి పది, కుడికాలికి ఆరు సైజు కావాలంటే నవ్వొచ్చింది.

"ఇద్దరికా అమ్మాయ్?"

"ఒక్కరికే బాబాయ్. మా పిన్నికి."

కొండమీది ఆదివాసీ గూడెం పిల్ల, ఇక్కడ నర్సింగు చదువుతోంది. బయట బెంచీ మీద పిన్ని కూర్చుని ఉంది. ఎడమ పాదానికి లావుపాటి కట్టు, దానిమీద ప్లాస్టిక్ సంచి. షుగరు పుండట. ఆసుపత్రిలో మానుతుంది, ఇల్లు చేరేసరికి తిరగబెడుతుంది. మళ్ళీ తిరగబెడితే పాదం తీసేయాల్సిందేనని డాక్టరు చెప్పేశాడు. కాసేపట్లో వాళ్ళ జీపు.

"చెప్పులేసుకుని నడవమనలేదా ఆసుపత్రిలో?"

"అన్నారు. కట్టు పట్టే చెప్పు ఎక్కడ దొరుకుతుందో అనలేదు."

ఆరా తీయందే నాకు అన్నం సహించదు. "చదువయ్యాక ఇక్కడే పెద్దాసుపత్రిలో చేరిపోరాదూ? ఆ కొండెక్కితే నీకేం కలిసొస్తుంది?"

"కట్టు కట్టేవాళ్ళు ఇక్కడ బోలెడుమంది బాబాయ్. ఆ కట్టు మా దారిలో ఏ రాయి దగ్గర చిరుగుతోందో పక్కన నడిస్తేగా తెలిసేది! పోయిన సెలవుల్లో నేను నడిచాను. ఇంక ఇక్కడ నిలవబుద్ధి కాలేదు."

రెండు పెట్టెలు విప్పాను.

పిన్ని తొడుక్కుని చూసుకుంది. "ఒకటి అత్తగారు, ఒకటి కోడలు. కలిసి నడుస్తాయంటావా?"

నాలుగడుగులకే పది సైజు అత్తగారు జారిపోయింది. మడమ వెనక పట్టీ లేదు మరి. పిల్ల మొహం చిన్నబోయింది. అటు జీపు హారన్.

కొత్త సాండల్ ఒకటి లాగి దాని పట్టీ కోసేశాను.

"అయ్యో బాబాయ్, అది పాడైపోదూ?"

"పోయింది. నువ్వు కాలు పట్టుకో."

చెప్పుకు పట్టీ కుట్టి బిగించాను. పిన్ని జీపుదాకా చెప్పు జారకుండా నడిచింది.

"మరి మిగిలిన ఒంటివాటిని నెత్తిన పెట్టుకోనా?" అన్నాను.

"పక్క గూడెంలో ఓ తాతకి పుండు కుడికాలికి బాబాయ్. ఉంచండి."

"సైజెంత?"

"ఏమో."

"ఏమో అంటే బేరమెలా? కట్టుతోసహా కొలుచుకురా. సాయంత్రం పూటే కొలవాలి, పాదం అప్పుడే పొంగి ఉంటుంది."

జీపు కదిలింది. పిల్ల తల బయటపెట్టి అరిచింది: "అంత తేడా వస్తుందా?"

"కొలిచి చూడు!" అని నేనూ అరిచాను.