సన్యాసమ్మ కడిగిన ట్రే

సన్యాసమ్మ నిబ్లర్ నోట్లోకి బ్రష్షు దూర్చి, ఎవరి మీదో కసి తీర్చుకుంటున్నట్టు తోముతోంది. వెన్నెముకను గోరంత గోరంతగా కొరికే పనిముట్టు అది. నెత్తురు పోయిందనుకుంటాం గానీ కీలులో నక్కి ఉంటుంది. సన్యాసమ్మ పొట్టి మనిషి, వంగిన నడుము, విరిగిన కాడకు దారం చుట్టిన కళ్ళద్దాలు, మోచేతుల దాకా నీళ్ళకు నాని పాలిపోయిన చేతులు. భవానీపూర్‌లోని ఆ ఆసుపత్రిలో, మెదడుకూ వెన్నుకూ ఆపరేషన్లు చేసే థియేటర్ వెనక గదిలో ఆమె బతుకంతా ఇలాగే గడిచింది. అక్కడ ఒకరంటే ఒకరికి పడదు. డాక్టరు సిస్టర్ మీద అరుస్తాడు, సిస్టర్ సన్యాసమ్మ మీద అరుస్తుంది. సన్యాసమ్మకు అరవడానికి పనిముట్లే దిక్కు.

కడిగినవాటిని నోరు తెరిచి ఉంచే గుడ్డలో మూట కట్టాలి, అప్పుడే క్రిముల్ని చంపే ఆవిరి కీలులోకి పోతుంది. సిస్టర్ అరుణకుమారి ఈ మాట చెప్పీ చెప్పీ విసిగిపోయింది. కానీ కత్తెరైనా పటకారైనా నోరు తెరిచి వదిలితే ఆ చోట తగువు తప్పదని సన్యాసమ్మ నమ్మకం. గార్డెన్ రీచ్ తెలుగు కాలనీలో తన ఇల్లు అలాగే తగలడింది మరి. కోడలు పుష్పరాణి బట్టలు కుట్టి కత్తెర తెరిచి పారేస్తుంది, ఆనక అత్త మీద విరుచుకుపడుతుంది. ఉద్యోగం ఉన్నన్నాళ్ళే నీకిక్కడ చోటని మొహం మీదే అనేసింది మహాతల్లి. అందుకే సిస్టర్ అటు తిరగ్గానే సన్యాసమ్మ అన్నిటినీ నొక్కి మూసి మూట కట్టింది.

మధ్యాహ్నం బల్ల మీద ఒక ముసలాయన బోర్లా పడుకుని ఉన్నాడు. వీపు కోశాక డాక్టరు నిబ్లర్ అందుకుని తెరిచాడు. కీలులోంచి ఎండిన నెత్తురు పెళ్ళ రాలి గుడ్డ మీద పడింది. డాక్టరు విసిరిన ట్రే గోడకు తగిలిన చప్పుడు వెనక గదిదాకా వచ్చింది. కోసిన వీపుతో ఆ మనిషి అలా పడి ఉంటే, ఇంకో సెట్టు కోసం పరుగులు పెట్టారు.

అరుణకుమారి గుమ్మంలోకి వచ్చింది.

"మన కాలనీ మనిషివని నేనే చెప్పి పెట్టించినాను నిన్ను. నోళ్ళెందుకు మూసినావు?"

"తెరిసుంచితే తగువులొస్తాయమ్మా. ఈడున్నవి సాలవా ఏటి?"

"ఆ కుళ్ళు వెన్నులోకి పోతే ముసిలోడు బతుకుతాడా?"

సన్యాసమ్మకు సిగ్గేసింది. అంతకంటే ఎక్కువ కోపం వచ్చింది. "కడిగినాను గదా," అంది మొండిగా.

"ఇంక కడగొద్దు. రేపట్నుంచి రావద్దు."

"ఇంటికి ఏ మొకం ఎట్టుకుని ఎల్లను దీదీ?"

అరుణకుమారి అప్పటికే వెనుదిరిగింది. సన్యాసమ్మ చీర చెంగుతో చేతులు తుడుచుకుని వెనక మెట్ల మీదుగా దిగిపోయింది. గార్డెన్ రీచ్ వైపు బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి. ఆమె స్టాపులోనే నిలబడి ఉంది.

సాయంత్రానికి సింకు దగ్గరకు జగ్గమ్మ అనే కొత్త మనిషిని తెచ్చి నిలబెట్టారు. సింకు గట్టు మీద, విరిగిన కాడకు ఆపరేషన్ కుట్టుదారం చుట్టిన కళ్ళద్దాల జత తడితడిగా పడి ఉంది.